సీసీఎన్ఏ చదువు: పాఠం విడిగా అర్థమవుతుంది, ప్రశ్నలో కలిసి వస్తే చేయి ఆడదు

రాత్రిషిఫ్ట్_బెజవాడ:

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థలో డెస్క్‌టాప్ సపోర్ట్ ఉద్యోగం చేస్తున్నాను. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, తరువాత పాలిటెక్నిక్‌లో ఈసీఈ డిప్లొమా పూర్తి చేశాను. కేబుల్‌కు కనెక్టర్ క్రింప్ చేయడం, ప్యాచ్ ప్యానెల్‌లో పోర్టు మార్చడం, ప్రింటర్‌కు ఐపీ అడ్రసు ఇవ్వడం రోజూ చేసే పనులే గానీ, స్విచ్‌లోకి లాగిన్ అయ్యే అనుమతి మాకు ఉండదు. అది నెట్‌వర్క్ బృందం చేతిలో ఉంటుంది. ఆ బృందంలో ఖాళీ వచ్చినప్పుడు నన్ను తీసుకోవాలంటే సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) ఉండాలని మా మేనేజరు గారు చెప్పడంతో దానికి రాయవలసిన 200-301 పరీక్షకు సిద్ధమవుతున్నాను.

నా ఇబ్బంది ఇది. వీడియో పాఠాలు మొదటి నుంచి చివరి వరకు చూశాను, నోట్సు కూడా రాసుకున్నాను. వీల్యాన్ (ఒకే స్విచ్‌ను వేర్వేరు నెట్‌వర్కులుగా విడగొట్టే పద్ధతి) పాఠం చూస్తే వీల్యాన్ అర్థమవుతుంది, ఓఎస్పీఎఫ్ (రౌటర్లు దారులను ఒకదానికొకటి చెప్పుకునే ప్రోటోకాల్) పాఠం చూస్తే ఓఎస్పీఎఫ్ అర్థమవుతుంది. అయితే మాదిరి ప్రశ్నల్లో రౌటింగ్ టేబుల్ ఇచ్చి, ఫలానా అడ్రసుకు వెళ్లవలసిన ప్యాకెట్ ఏ దారి పడుతుందని అడిగితే, స్టాటిక్ రూట్‌కు (మనం చేత్తో రాసిన దారికి) అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ (దారి ఎలా తెలిసిందో దాన్ని బట్టి ఇచ్చే నమ్మకపు అంకె; తక్కువైతే ఎక్కువ నమ్మకం) తక్కువ కదా అని దానినే ఎంచుకుంటున్నాను. సరైన జవాబు మరొకటి ఉంటోంది. సబ్‌నెట్ లెక్క (ఒక అడ్రసు ఏ నెట్‌వర్కులోదో తేల్చే లెక్క) కాగితం మీద వస్తుంది గానీ సమయం చాలా పడుతోంది.

మరికొన్ని సందేహాలు కూడా ఉన్నాయి. మా షిఫ్టులోని సహోద్యోగి ఒకరు, ఇంత కష్టం అనవసరమని, డంప్స్ (పరీక్ష నుంచి బయటికి వచ్చిన ప్రశ్నలు, జవాబులు) బట్టీ పడితే సరిపోతుందని అంటున్నారు. ఇంకొకరు సెలవు పెట్టి అమీర్‌పేటలో కోచింగ్ తీసుకోమంటున్నారు. ముందుగా కాంప్‌టియా వారి నెట్‌వర్క్ ప్లస్ రాసి, ఆ తరువాత సీసీఎన్ఏకు రావడం మేలా? ఈ దారిలో నడిచినవారు సలహా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.


కోర్‌స్విచ్_హైదరాబాద్:

మీరు తప్పుతున్న ప్రశ్నను పూర్తిగా విప్పి చూద్దాం. మీ చదువులో లోటు ఎక్కడుందో అందులోనే కనిపిస్తుంది.

ఒక రౌటర్ టేబుల్‌లో మూడు దారులు ఉన్నాయనుకోండి: 10.1.0.0/16కు స్టాటిక్ రూట్, 10.1.1.0/24కు ఓఎస్పీఎఫ్ ద్వారా తెలిసిన రూట్, 10.1.1.128/25కు రిప్ (మరో పాత రౌటింగ్ ప్రోటోకాల్) ద్వారా తెలిసిన రూట్. 10.1.1.200కు వెళ్లే ప్యాకెట్ రిప్ దారి పడుతుంది. 10.1.1.5కు వెళ్లేది ఓఎస్పీఎఫ్ దారిని, 10.1.7.9కు వెళ్లేది స్టాటిక్ దారిని పడతాయి. అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ చూస్తే స్టాటిక్‌కు 1, ఓఎస్పీఎఫ్‌కు 110, రిప్‌కు 120. అంటే ఈ మూడింటిలో అన్నిటికన్నా తక్కువ నమ్మదగిన రిప్‌కే మొదటి ప్యాకెట్ దక్కింది. ఎందుకంటే ప్యాకెట్ వచ్చిన తరువాత రౌటర్ చూసేది ఒక్కటే: గమ్యం అడ్రసుతో ఎక్కువ బిట్ల వరకు కలిసే ప్రిఫిక్స్ (గీత తరువాతి అంకె చెప్పినన్ని మొదటి బిట్లు) ఏది అన్నది. అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ పని అంతకుముందే, టేబుల్ తయారైనప్పుడే అయిపోయింది. ఒకే నెట్‌వర్కును ఒకే మాస్కుతో (అంటే గీత తరువాత ఒకే అంకెతో) రెండు వేర్వేరు ప్రోటోకాళ్లు చెప్పినప్పుడు ఎవరి మాటను టేబుల్‌లోకి ఎక్కించాలో అది తేలుస్తుంది. ఒకే ప్రోటోకాల్ రెండు దారులు చెబితే మెట్రిక్ (ఆ ప్రోటోకాల్ లెక్కలో దారి ఖర్చు) తేలుస్తుంది. పుస్తకాల్లో ఈ మూడు విషయాలు మూడు అధ్యాయాల్లో ఉంటాయి గనుక వరసను ఎవరికి వారు కలుపుకోవలసిందే. రూట్ పక్కన [110/2] అని కనిపిస్తే మొదటి అంకె డిస్టెన్స్ అని, రెండోది మెట్రిక్ అని కళ్లు వెంటనే చదివేలా అలవాటు చేసుకోండి.

ఇలా కలుపుకోవడం వీడియోలు చూస్తే రాదు, ల్యాబ్‌లో వస్తుంది. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఖాతా తెరిస్తే ప్యాకెట్ ట్రేసర్ (కంప్యూటరులోనే నెట్‌వర్క్ కట్టి చూసే సాఫ్ట్‌వేర్) ఉచితంగా దొరుకుతుంది. సీసీఎన్ఏ స్థాయికి అది చాలు, పాత స్విచ్‌లు కొని ఇంట్లో మోత పెట్టుకోనక్కరలేదు. చాలామంది పాఠంలోని కమాండ్లను చూసి కొట్టి, పింగ్ రాగానే ల్యాబ్ ముగిసిందనుకుంటారు. నా దృష్టిలో చదువు అక్కడి నుంచే మొదలవుతుంది. పనిచేస్తున్న ల్యాబ్‌ను మీ చేతులతో మీరే చెడగొట్టండి. చెడగొట్టక ముందు షో కమాండ్ల ఫలితాన్ని ఒక ఫైలులో దాచి, తరువాత వచ్చిన ఫలితాన్ని పక్కన పెట్టి, ఏ వరుస మారిందో వెతకండి.

ఒక ఉదాహరణ. రెండు స్విచ్‌ల మధ్య ట్రంక్ (అనేక వీల్యాన్లను మోసే లింకు) మీద 10, 20, 30 వీల్యాన్లను మాత్రమే అనుమతించి, మూడూ పనిచేస్తున్నాయని చూసుకున్నాక, కొత్తగా 40ని చేర్చడానికి 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 40' అని కొట్టండి. 40 చేరుతుందని మనం అనుకుంటాం, జరిగేది వేరు. వీల్యాన్ సంఖ్యకు ముందు 'యాడ్' అన్న మాట లేదు గనుక పాత జాబితా మొత్తం చెరిగిపోయి 40 ఒక్కటే మిగులుతుంది. పోర్టు దీపం ఆకుపచ్చగానే వెలుగుతుంది, స్విచ్ ఏ హెచ్చరికా ఇవ్వదు, కానీ మిగిలిన మూడు వీల్యాన్ల వాళ్లకు నెట్‌వర్క్ ఉండదు. 'షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్' ఫలితంలో అనుమతించిన వీల్యాన్ల వరుస చూస్తే తప్ప ఇది బయటపడదు. ఈ ఒక్క మాట వదిలేసి ఒక అంతస్తు మొత్తం నెట్‌వర్కును ఆపేసిన ఇంజనీరు లేని ఆఫీసు అరుదు; మీ నెట్‌వర్క్ బృందాన్ని టీ వేళలో అడిగి చూడండి. అదే ట్రంక్‌లో ఒకవైపు నేటివ్ వీల్యాన్ (ట్యాగ్ లేని ఫ్రేములు చేరే వీల్యాన్) మార్చితే సీడీపీ (సిస్కో పరికరాలు పక్కవాటిని గుర్తించే ప్రోటోకాల్) కాసేపట్లోనే గోల చేస్తుంది. ఒక తప్పుకు స్విచ్ అరుస్తుంది, మరో తప్పుకు మౌనంగా ఉంటుంది. ఈ తేడా చేత్తో చూసినవారికి ప్రశ్నలోని చిత్రం వేరుగా కనిపిస్తుంది.

ఓఎస్పీఎఫ్‌లోనూ ఇలాగే చేయండి. ఒకవైపు హలో ఇంటర్వల్‌ను (పొరుగు రౌటర్‌కు నేనున్నానని చెప్పే సందేశాల మధ్య విరామాన్ని) 10 నుంచి 5 సెకన్లకు మార్చితే పొరుగుబంధం ఆ క్షణంలోనే తెగదు, డెడ్ టైమర్ (సరైన హలో కోసం ఆగే గడువు) ముగిశాక తెగుతుంది. ఏరియా సంఖ్య మార్చి చూడండి, మాస్కు మార్చి చూడండి, రెండు రౌటర్లకు ఒకే రౌటర్ ఐడీ ఇచ్చి చూడండి.

సమయాన్ని పంచుకునేటప్పుడు పరీక్ష వెయిటేజీని దృష్టిలో పెట్టుకోండి. ఐపీ కనెక్టివిటీకి 25 శాతం, నెట్‌వర్క్ ఫండమెంటల్స్‌కు 20, నెట్‌వర్క్ యాక్సెస్‌కు 20, సెక్యూరిటీకి 15, ఐపీ సర్వీసెస్‌కు 10, ఆటోమేషన్‌కు 10. 2024 ఆగస్టు 20 నుంచి అమలులోకి వచ్చిన 1.1 సిలబస్‌లో ఆటోమేషన్ సాధనాల్లో పపెట్, షెఫ్ పోయి టెర్రాఫార్మ్ వచ్చింది. కృత్రిమ మేధ గురించి కూడా కొంత చేర్చారు. 2020 కంటే ముందు అచ్చయిన పుస్తకాలు ఎవరైనా ఇస్తే మర్యాదగా తిరిగి ఇచ్చేయండి. ఇప్పటి సిలబస్‌లో లేని ఈఐజీఆర్పీ (మరో రౌటింగ్ ప్రోటోకాల్) కాన్ఫిగరేషన్ వంటి పాఠాలతో మీ రాత్రులు వృథా అవుతాయి.


లెక్కలమాస్టారు_కాకినాడ:

పై మిత్రుని మాటలతో చాలావరకు ఏకీభవిస్తున్నాను గానీ, వరస విషయంలో నాది వేరే అభిప్రాయం. పాలిటెక్నిక్ విద్యార్థులకు నెట్‌వర్క్స్ చెబుతుంటాను. నేను గమనించినంతవరకు ల్యాబ్‌లో తడబడేవారిలో ఎక్కువమంది తడబడేది కమాండ్ల దగ్గర కాదు, సబ్‌నెట్ దగ్గర. 10.1.1.200 అన్నది 10.1.1.128/25లో ఉందని చూడగానే తట్టనివారికి, పైన ఆయన ఎంతో చక్కగా చెప్పిన రూట్ ప్రశ్న ఎప్పటికీ కష్టంగానే ఉంటుంది. అందుచేత ముందు లెక్క, తరువాత ల్యాబ్.

లెక్కకు బైనరీ పట్టికలు ప్రతిసారీ గీయవద్దు. 172.16.85.200/21 తీసుకోండి. 21 బిట్లంటే మూడో ఆక్టెట్‌లో (చుక్కల మధ్య ఉండే 8 బిట్ల భాగంలో) 5 బిట్లు నెట్‌వర్కుకు పోయాయి, ఆ ఆక్టెట్ మాస్కు 248. 256 నుంచి 248 తీసేస్తే 8. కాబట్టి మూడో ఆక్టెట్‌లో నెట్‌వర్కులు ఎనిమిదో ఎక్కం మీద నడుస్తాయి: 72, 80, 88. మన 85 అన్నది 80కి, 88కి మధ్య ఉంది. నెట్‌వర్క్ 172.16.80.0, బ్రాడ్‌కాస్ట్ (అందరికీ పంపే అడ్రసు) 172.16.87.255, మధ్యలో హోస్టులకు ఇవ్వదగినవి 2046. ఎక్కాలు నోటికి వచ్చిన తెలుగు మాధ్యమం పిల్లలు ఈ పద్ధతిని ఇంగ్లీషు మాధ్యమం వారికన్నా వేగంగా పట్టుకోవడం నా తరగతిలో చూస్తూనే ఉన్నాను. మీరు మాధ్యమం గురించి బెంగపడనక్కరలేదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. పై నెట్‌వర్కులో 172.16.83.0ను ఒక కంప్యూటరుకు ఇవ్వవచ్చా అని అడిగితే, చివర సున్నా ఉంది గనుక కుదరదని చాలామంది వెంటనే అంటారు. ఇవ్వవచ్చు. 172.16.84.255ను కూడా ఇవ్వవచ్చు. చివరి ఆక్టెట్‌లో సున్నా ఉంటే నెట్‌వర్క్ అడ్రసు, 255 ఉంటే బ్రాడ్‌కాస్ట్ అన్నది /24కు మాత్రమే సరిపోయే అలవాటు. ఆఫీసుల్లో అన్నీ /24లే చూసి చూసి అది సూత్రమని మనసులో నాటుకుపోతుంది. మీలాగా ప్రింటర్లకు రోజూ అడ్రసులు ఇచ్చేవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

వైల్డ్‌కార్డ్ మాస్కు (మాస్కును తిరగేసిన రూపం) కూడా ఇదే లెక్కలో వస్తుంది. 255.255.248.0కు వైల్డ్‌కార్డ్ 0.0.7.255, ప్రతి ఆక్టెట్‌ను 255 నుంచి తీసివేయడమే. యాక్సెస్ లిస్టులోనూ (ఏ ట్రాఫిక్‌ను అనుమతించాలో చెప్పే జాబితా), ఓఎస్పీఎఫ్ నెట్‌వర్క్ కమాండ్‌లోనూ ఇదే కావాలి. డ్యూటీకి వెళ్లే ముందు కొన్ని లెక్కలు చేతికందిన అడ్రసులతో, చేతికందిన మాస్కులతో, కాలిక్యులేటర్ లేకుండా చేయండి. పరీక్షా కేంద్రంలో చెరిపి రాసుకునే పలక, పెన్ను మాత్రమే ఇస్తారు.


ఫ్రిస్కో_తెలుగు:

టెక్సాస్ నుంచి రాస్తున్నాను. నెట్‌వర్క్ ఉద్యోగాల ఇంటర్వ్యూలలో ప్రశ్నలు అడిగే వైపు కూర్చుంటాను గనుక డంప్స్ గురించి, నెట్‌వర్క్ ప్లస్ గురించి మాత్రమే చెబుతాను.

సిస్కో పరీక్ష మొదలయ్యే ముందు అభ్యర్థి ఒక ఒప్పందాన్ని అంగీకరించాలి. పరీక్షలోని ప్రశ్నలను బయటపెట్టడం గానీ, అలా బయటికి వచ్చినవాటితో పరీక్ష రాయడం గానీ దానికి విరుద్ధం; పట్టుబడితే సర్టిఫికెట్ రద్దు చేసే, ఇకపై పరీక్షలు రాయకుండా నిషేధించే అధికారం సిస్కోకు ఉంది. ఇది నియమం సంగతి. డంప్స్‌లోని జవాబులు చాలాచోట్ల తప్పులన్నది వేరే సంగతి. ఎవరో గుర్తుపెట్టుకొని వచ్చి రాసిన ప్రశ్నకు మరెవరో ఊహించి పెట్టిన జవాబు అది. ఇంటర్వ్యూలో నేను అడిగేది ఒకటే రకం ప్రశ్న: ఒక అంతస్తులో ఒక్క వీల్యాన్ వాళ్లకు మాత్రమే డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రసును తనంతట తానే అందించే సేవ) అడ్రసు రావడం లేదు, మిగతావారికి వస్తోంది, మీరు మొదట ఏ కమాండ్ కొడతారు, అందులో ఏ వరుస చూస్తారు? చదివినవారు జవాబు తప్పు చెప్పినా ఒక దారిలో వెళ్లి తప్పు చెబుతారు. బట్టీ పట్టినవారు డీహెచ్‌సీపీలోని నాలుగు సందేశాల పేర్లు గడగడా అప్పజెప్పి ఆగిపోతారు. ఐపీ హెల్పర్ అడ్రస్ (డీహెచ్‌సీపీ అభ్యర్థనను వేరే నెట్‌వర్కులోని సర్వర్‌కు చేరవేసే కమాండ్) ఏ ఇంటర్‌ఫేస్ మీద ఉండాలంటే నీళ్లు నములుతారు.

అమీర్‌పేట విషయంలో ఒక మాట. అక్కడ శ్రద్ధగా చెప్పే మాస్టార్లు ఉన్నారు, చివరి వారంలో ప్రశ్నల ప్రింట్లు పంచి ఇవి చూసుకోండి చాలు అని పంపించేవారూ ఉన్నారు. నాకు తెలిసిన ఒక శిక్షణా సంస్థలో ఫీజు కట్టించుకునేటప్పుడు చూపించిన పరికరాల ర్యాక్‌కు విద్యార్థులను తరువాత దగ్గరికే రానివ్వలేదు. సెలవు పెట్టే ముందు డెమో తరగతికి వెళ్లి, ల్యాబ్ ఎవరి చేతిలో ఉంటుందో, ఎన్ని గంటలు ఉంటుందో అడగండి. మీకు ఉద్యోగం ఉంది, ప్యాకెట్ ట్రేసర్ ఉంది, పక్క గదిలోనే నెట్‌వర్క్ బృందం ఉంది. నా మట్టుకు నేనైతే సెలవు పెట్టమని చెప్పను.

నెట్‌వర్క్ ప్లస్ చెడ్డ పరీక్ష కాదు. ఇప్పటి ఎన్10-009లో గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. 900కు 720 రావాలి. ఏ కంపెనీ పరికరానికీ కట్టుబడని పునాది అది. ఇక్కడ అమెరికా రక్షణ శాఖకు సంబంధించిన ఉద్యోగాల్లో దానికి ప్రత్యేక గుర్తింపు ఉంది. మీ మేనేజరు అడిగింది మాత్రం సీసీఎన్ఏ. రెండింటిలో ఉన్న పునాది దాదాపు ఒకటే అయినప్పుడు, మీరు రెండు ఫీజులు కట్టవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.


రాత్రిషిఫ్ట్_బెజవాడ:

ముగ్గురికీ కృతజ్ఞతలు. మాస్టారూ, 83.0 విషయంలో నేనూ కుదరదనే అనుకున్నాను. కోర్‌స్విచ్ గారు చెప్పినట్టు ఓఎస్పీఎఫ్ ల్యాబ్‌ను చెడగొట్టడం మొదలుపెట్టి ఒకచోట చిక్కుకున్నాను. ఒకే స్విచ్‌కు ఎ, బి, సి అనే మూడు రౌటర్లు కలిపాను. ఎ డీఆర్ (మిగతా రౌటర్లన్నీ సమాచారం పంచుకునే ముఖ్య రౌటర్) అయింది, బి బీడీఆర్ (డీఆర్‌కు బదులుగా సిద్ధంగా ఉండేది) అయింది. సి ఇంటర్‌ఫేస్‌కు ప్రయారిటీ 255 (అన్నిటికన్నా ఎక్కువ) ఇచ్చాను, ఏమీ మారలేదు. ఎ మీద 'క్లియర్ ఐపీ ఓఎస్పీఎఫ్ ప్రాసెస్' కొట్టాను; సి డీఆర్ అవుతుందనుకుంటే బి అయింది. ప్రయారిటీకి విలువే లేదా? అలాగే పరీక్ష బుక్ చేసేటప్పుడు జాగ్రత్త పడవలసినవి ఏమైనా ఉంటే చెప్పగలరు.


లెక్కలమాస్టారు_కాకినాడ:

బుకింగ్ గురించి నేను చెబుతాను. పరీక్ష పియర్సన్ వ్యూ అనే సంస్థ ద్వారా జరుగుతుంది. ఫీజు 300 డాలర్లు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 354 డాలర్లు. మనవాళ్లు చిక్కుకునేది ఫీజు దగ్గర కాదు, పేరు దగ్గర. మీ గుర్తింపు పత్రంలో ఇంటిపేరు పూర్తిగా ఉందా, ఒక్క అక్షరమే ఉందా, ముందుందా, వెనుక ఉందా అన్నది చూసి, ఖాతాలో సరిగ్గా అదే విధంగా నమోదు చేయండి. పదో తరగతి మార్కుల జాబితాలో ఒకలా, గుర్తింపు పత్రంలో మరోలా ఉన్న పేర్లు మన దగ్గర కొల్లలు; తేడా ఉంటే కేంద్రంలో లోపలికి అనుమతించకపోవచ్చు. సవరణ అవసరమైతే స్లాట్ తీసుకోక ముందే చేయించుకోండి.

పరీక్ష 120 నిమిషాలు. జవాబిచ్చి ముందుకు వెళ్లిన ప్రశ్నకు మళ్లీ వెనక్కి రాలేరు, కాబట్టి తరువాత చూద్దామని వదిలేసే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. పరీక్ష తెలుగులో లేదు గనుక ప్రశ్నలోని ఇంగ్లీషును నెమ్మదిగా చదవండి. రెండు జవాబులు ఎంచుకోమన్నారా, సరికానిది ఎంచుకోమన్నారా అన్న చోటే మంచి విద్యార్థులు మార్కులు పోగొట్టుకుంటారు. ఉత్తీర్ణతకు ఎంత స్కోరు కావాలో సిస్కో ప్రకటించదు, ఇంత వస్తే చాలని ఎవరైనా చెబితే నమ్మకండి. తప్పితే మళ్లీ రాయడానికి 5 రోజులు ఆగాలి, ఫీజు మళ్లీ కట్టాలి. ఉత్తీర్ణులైతే సర్టిఫికెట్ 3 సంవత్సరాలు చెల్లుతుంది.


కోర్‌స్విచ్_హైదరాబాద్:

ప్రయారిటీకి విలువ ఉంది, కానీ ఎన్నిక జరిగినప్పుడే. ఓఎస్పీఎఫ్‌లో డీఆర్ ఒకసారి కుదురుకున్నాక, తరువాత ఎంత పెద్ద ప్రయారిటీతో ఎవరు వచ్చినా పదవి వదలదు. పని సాగుతున్న నెట్‌వర్కులో డీఆర్ మారితే అందరూ మళ్లీ పొరుగుబంధాలు కలుపుకోవలసి వస్తుంది గనుక ఆ పద్ధతి పెట్టారు. మీరు ఎ మీద ప్రాసెస్ క్లియర్ చేసినప్పుడు డీఆర్ స్థానం ఖాళీ అయింది. ఆ స్థానంలోకి బీడీఆర్ నేరుగా ఎక్కుతుంది, దానికి ఎన్నిక లేదు. ఎన్నిక జరిగింది ఖాళీ అయిన బీడీఆర్ స్థానానికి. అందులో 255 ఉన్న సి గెలిచింది. ఇప్పుడు ఎ మీద 'షో ఐపీ ఓఎస్పీఎఫ్ నైబర్' కొట్టి చూడండి, సి పక్కన బీడీఆర్ అని కనిపిస్తుంది. బి మీద కూడా ప్రాసెస్ క్లియర్ చేస్తే సి డీఆర్ అవుతుంది.

ఆ ల్యాబ్‌ను చెరిపేయకండి. తరువాత ఎ ప్రయారిటీని 0 చేసి, మూడు రౌటర్లనూ రీలోడ్ చేసి, నైబర్ టేబుల్‌లో ఎ గురించి ఏమని వస్తుందో చూడండి. ఆపైన ఎ వెనుక ఉన్న ల్యాన్ ఇంటర్‌ఫేస్‌ను పాసివ్ చేసి (అంటే దాని మీద హలోలు పంపకుండా చేసి), ఆ నెట్‌వర్క్ సి రౌటింగ్ టేబుల్‌లో ఇంకా ఉందో లేదో చెప్పండి. చూడక ముందే మీ జవాబు కాగితం మీద రాసి పెట్టుకోండి.